దుప్పటికి అవతలి కొస

ఆ లాండ్రీలో అక్కని పెద్దది అనీ, చెల్లెల్ని చిన్నది అనీ పిలిచేవారు. మొదట యజమాని పిలిచాడు, తర్వాత పనివాళ్ళంతా పిలిచారు, ఆఖరికి వాళ్ళిద్దరూ ఆ పేర్లకే పలకడం మొదలుపెట్టారు. జుట్టు తెల్లబడి, మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కేటప్పుడు మూలుగుతున్నా సరే, చిన్నది చిన్నదే. "ఇంకెప్పుడే నేను పెద్దయ్యేది?" అని అక్కని దెప్పేది. "నేను పోయాక," అనేది అక్క, నవ్వుతూ. అప్పట్లో ఆ మాటకి ఇద్దరూ నవ్వేవారు.

వాళ్ళ పని దుప్పట్లు మడవడం. లాడ్జీల నుంచీ, పెద్దాసుపత్రి నుంచీ మూటలుగా వచ్చిన దుప్పట్లు మిషన్లలో ఉతికి, ఆరి, వేడివేడిగా వెనక హాల్లోకి వచ్చేవి. పెద్ద మంచం దుప్పటిని ఒక్కరే మడిస్తే అది మడతలా ఉండదు, మూటలా ఉంటుంది. ఇద్దరు కావాలి. అటు రెండు మూలలు ఒకరు, ఇటు రెండు మూలలు ఒకరు పట్టుకుని ఒక్కసారి పైకెత్తి దులపాలి. దులిపాక సన్నగా ఒక గుంజుడు. దాంతో బట్టలో ముడతలు పోతాయి, ఇద్దరి చేతులూ ఒక సమానానికి వస్తాయి, ఇక మడవొచ్చని తెలుస్తుంది. సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచి, ఒకరి మూలలు ఒకరికి అందించి, వంగి కింద మడత అందుకోవాలి. రోజంతా అంతే, దగ్గరికి రావడం, వెనక్కి వెళ్ళడం.

మిగతా జంటలు "ఊఁ", "ఇప్పుడు", "ఆగవే తల్లీ" అని అరుచుకుంటూ మడిచేవారు. ఈ అక్కాచెల్లెళ్ళు మాత్రం పని గురించి ఒక్క మాట అనుకుంటే ఒట్టు. వీధిలో అందరి సంగతులూ ఏకరువు పెట్టుకుంటూ ఉంటే, చేతులు వాటి పాటికి అవి మడుస్తూ పోయేవి. ఒకసారి యజమానికి అనుమానం వచ్చింది. "ఇంతకీ మీ ఇద్దరిలో గుంజేది ఎవరు?" అని అడిగాడు.

"అదే," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో, ఒకరినొకరు చూపించుకుంటూ.

"నేనెక్కడే? నువ్వు గుంజాకే కదా నేను మడిచేది!" అంది అక్క.

"చాల్లే సంబడం! నీ గుంజుడు కోసమేగా నేను ఆగేది!" అంది చిన్నది.

అది తేలే వ్యవహారం కాదని యజమాని తల పట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు మాత్రం దాని మీద ఇంకో పది దుప్పట్లు మడిచేదాకా వాదులాడుకున్నారు.

ఇద్దరికీ మాటల్లేని కాలం కూడా ఒకటి నడిచింది. అక్క తన కూతురికి ఒక సంబంధం చూస్తే, చిన్నది నోరు ఊరుకోక, "పెళ్ళికొడుకు ముఖం ఉతకని దుప్పటిలా ఉంది," అనేసింది. అంతే, ఆ వానాకాలమంతా మాటలు బంద్. "ఆవిడతో చెప్పండి, సబ్బు నీళ్ళు చీరకి అంటుకున్నాయని," అని అక్క యజమానితో చెబితే, "ఆవిడ చీర గురించి ఆవిడే చూసుకోమనండి," అని చిన్నది యజమానితో చెప్పేది. ఇద్దరి మధ్యా దుప్పటి మాత్రం ఎప్పట్లాగే లేచేది, దిగేది, గుంజుడు వచ్చేది, మడతలు పడేవి. వాళ్ళు పోట్లాడుకున్నారన్న కబురు చేతులకి అందలేదు. ఆ సంబంధం ఎలాగూ తప్పిపోయింది. కూతురు పెళ్ళి ఊసే వద్దని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పనిలో చేరింది.

ఒక ఉదయం చిన్నది పక్కింటావిడ కొత్త కుక్క గురించి చెబుతూ ఉంది. దులిపారు. దుప్పటి గాలి నింపుకుని ఇద్దరి మధ్యా పైకి లేచింది. గుంజుడు రాలేదు.

"ఏమే, నిద్రపోతున్నావా?" అంది చిన్నది.

దుప్పటి ఇంకా పూర్తిగా దిగలేదు కాబట్టి అక్క ముఖం కనిపించలేదు. కనిపించేసరికి అక్క కూలిపోతోంది. మూలలు రెండూ ఇంకా పిడికిళ్ళలోనే ఉన్నాయి.

తలలో నరం చిట్లిందన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చారు. కొన్ని వారాలకి అక్క కళ్ళు తెరిచింది. చిన్నది వార్డంతా గోల చేసింది. "చూశారా, తెరిచింది, నేను చెప్పలా!" అని కనిపించిన ప్రతి నర్సు చెయ్యీ పట్టుకుని ఊపింది. డాక్టరమ్మ వచ్చి అక్క కళ్ళ ముందు వేలు ఆడించింది, చెవి దగ్గర పిలిచింది, గోరు మీద నొక్కింది. తర్వాత అక్క కూతుర్నీ చిన్నదాన్నీ పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"పగలు కళ్ళు తెరుస్తారు, రాత్రి మూస్తారు. అది మెలకువ. ఎరుక వేరు. తను ఎవరో, ఎదురుగా ఉన్నది ఎవరో ఆవిడకి తెలుస్తున్నట్టు మాకు ఒక్క గుర్తు కూడా దొరకలేదు. ఇకముందు దొరుకుతుందన్న ఆశ కూడా తక్కువే," అంది.

"అంటే మనిషి ఉంది, మనిషి లేదంటారు. ఇదేం విడ్డూరమమ్మా!" అంది చిన్నది.

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "విడ్డూరమే. ఇన్నేళ్ళు చదివినా నాకూ అలాగే ఉంటుంది," అంది.

చిన్నది నమ్మలేదు. నమ్మే రకం కాదు. లాండ్రీలో ఆమెని మూటలు లెక్కపెట్టే పనికి మార్చారు. రోజూ అది అయ్యాక వచ్చి మంచం పక్కన కూర్చుని లాండ్రీ సంగతులన్నీ చెప్పేది. అక్క కళ్ళు ఆమె చెవి పక్క నుంచి గోడ వైపు చూస్తూ ఉండేవి. ఒకనాడు నర్సు మంచం మీద వేయడానికి ఉతికిన దుప్పటి తెచ్చి పెట్టింది. అంచున తమ లాండ్రీ గుర్తు. మడత చూడగానే చిన్నదానికి ఒళ్ళు మండింది.

"ఎవరు మడిచారే ఈ దరిద్రం? మనం లేకపోయేసరికి చూడు ఎలా తగలేస్తున్నారో!" అంటూ విప్పింది. సరిగ్గా మడుద్దామంటే అవతల పట్టుకునే మనిషి లేదు. అక్క మంచం తలవైపు ఎత్తి ఉంది. చిన్నది రెండు మూలలు తెచ్చి అక్క రెండు చేతుల్లోనూ పెట్టింది. వేళ్ళు ముడుచుకున్నాయి. కాళ్ళవైపుకి వెళ్ళి, తన మూలలు పట్టుకుని, మెల్లగా దులిపింది.

గుంజుడు వచ్చింది.

సన్నగా, ఎప్పట్లాగే, ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చింది. చిన్నది మంచం కమ్మీ పట్టుకుని, "ఉన్నావటే? లోపల ఉన్నావటే నువ్వు?" అని బావురుమంది.

ఆ రోజు నుంచి ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. సాయంత్రం వచ్చీ రాగానే దుప్పటి తీసేది. కబుర్లు చెబుతూ దులిపేది. యజమానిని ఆడిపోసుకునేటప్పుడు గుంజుడు కాస్త గట్టిగా వచ్చేది. "చూశావా, వాడంటే ఇప్పటికీ పడదు దీనికి," అని మురిసిపోయేది. పక్క మంచాల వాళ్ళకి చెప్పేది, వాళ్ళని చూడడానికి వచ్చినవాళ్ళకి చెప్పేది, లాండ్రీలో అందరికీ చెప్పేది.

అక్క కూతురు కూడా పట్టుకుని చూసింది. మెల్లగా దులిపింది, గట్టిగా దులిపింది. "అమ్మా, నేనే," అంది. ఏమీ రాలేదు.

"నీకు మడత పని రాదు కదే. దానికి తెలుసు," అంది చిన్నది, ఓదారుస్తున్నాననుకుని. ఆ పిల్ల తలూపి, మూలలు పిన్ని చేతికిచ్చి, వరండాలోకి వెళ్ళిపోయింది. కన్నకూతురికి లేని జవాబు చెల్లెలికి ఉందా అని అక్కడ నిలబడి ఏడ్చింది. చిన్నదానికి ఆ సంగతి అప్పుడు తెలియదు. తన సంతోషం తనది.

ఇలా ఉండగా అక్కకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. డాక్టరమ్మ మళ్ళీ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. గొంతు దగ్గర కోత పెట్టి, గొట్టం వేసి, మిషన్‌కి కలపాలి. ఒకసారి కలిపితే బహుశా ఇక తీయడమంటూ ఉండదు. వద్దనుకుంటే ఆయాసం తెలియకుండా మందులిచ్చి, ప్రశాంతంగా చూసుకుంటారు. ఏ సంగతో తొందరగా చెప్పాలి. సంతకం పెట్టాల్సింది కూతురు.

"అమ్మకి ఆ కోత వద్దు పిన్నీ," అంది కూతురు.

"నాతో మాట్లాడుతున్న మనిషిని చేతులారా పంపించేస్తావా? గుండె ఎలా ఒప్పిందే నీకు?"

ఎన్నడూ పిన్నికి ఎదురు చెప్పి ఎరగని పిల్ల అప్పుడు నోరు తెరిచింది. "నాతో ఒక్కసారి మాట్లాడితే నేనెందుకు వద్దంటాను? ఒక్కసారి నా వైపు చూస్తే చాలు. ఎన్నేళ్ళయినా అలాగే ఉంచుకుంటాను. నీకు జవాబిస్తోందని నువ్వంటున్నావు. అది నిజమైతే నేను అమ్మని చంపుకున్నట్టే. నిజం కాకపోతే హింస పెట్టినట్టే. నాకు ఎవరు చెప్తారు పిన్నీ?"

చిన్నది డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీరే చూడండి. మీ కళ్ళతో చూశాకే చెప్పండి."

డాక్టరమ్మ చూసింది. గుంజుడు వచ్చిందని చిన్నది చెప్పినప్పుడల్లా అక్క వేళ్ళనే గమనిస్తూ నిలబడింది. ఆఖరికి, "మీ చేతుల్లోంచే వస్తోందేమో," అంది, నెమ్మదిగా.

అంతే, చిన్నదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా చేతుల సంగతి నాకు తెలీదా? ఇవి ముడత పడ్డప్పట్నుంచీ కాదు, గాజులు జారిపోయేంత సన్నగా ఉన్నప్పట్నుంచీ దానికెదురుగా నిలబడ్డాను. కావాలంటే మా అక్క చేతిలోంచి తీసి ఈ మంచం కమ్మీకి కట్టండి. తెర వేసి కట్టండి. కమ్మీ ఏదో అక్క ఏదో ఆ మాత్రం చెప్పలేకపోతే అప్పుడు అడగండి నన్ను!"

ఈ పరీక్ష పెట్టమని డాక్టరమ్మ అనలేదు, కూతురూ అనలేదు. చిన్నదాని నోట్లోంచే వచ్చింది.

మంచం చుట్టూ తెర లాగారు. లోపల డాక్టరమ్మ, నర్సు, అక్క కూతురు. తెర సందులోంచి దుప్పటి బయటికి వచ్చింది. చిన్నది వార్డు మధ్యలో, మూలలు పట్టుకుని, నడుం నిటారుగా పెట్టి నిలబడింది. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు.

"కానివ్వండి," అంది డాక్టరమ్మ లోపల్నుంచి.

దులిపింది. "వచ్చింది. అక్కే," అంది.

"మళ్ళీ."

"వచ్చింది. అక్కే."

"మళ్ళీ."

"ఇదిగో, ఇది ఇంకా బాగా వచ్చింది. అక్క కాకపోతే ఇంకెవరమ్మా ఇలా గుంజేది?" అని చుట్టూ ఉన్నవాళ్ళ వైపు గర్వంగా చూసింది. ఇంకోసారి అడిగారు, ఇంకోసారీ చెప్పింది. అక్క కూతురు తెర తొలగించుకుని బయటికి వచ్చింది. ముఖమంతా తడి.

"ఇక చాలు పిన్నీ."

చిన్నది ఒక్క అంగలో వెళ్ళి తెర లాగేసింది. దుప్పటి మూలలు రెండూ మంచం కమ్మీకి ముడివేసి ఉన్నాయి. అక్క చేతులు రెండూ పొట్ట మీద, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

"ఎప్పుడు కట్టారు?"

"మొదటిసారి చేతుల్లో ఉంది. రెండోసారి నుంచీ కమ్మీకే," అంది డాక్టరమ్మ.

"అబద్ధం," అంది చిన్నది. అని, అందరూ చూస్తుండగా, ఆ ముడుల వైపే కళ్ళు పెట్టి, దుప్పటి దులిపింది.

గుంజుడు వచ్చింది. ఇనుప కమ్మీ నుంచి, సన్నగా, ఎప్పట్లాగే, అక్క గుంజినట్టే వచ్చింది.

చిన్నది దుప్పటి వదిలేసింది.

"మీరు అబద్ధం ఆడలేదు. మీ చేతులు ఆవిడ వంతు కూడా చేసేస్తున్నాయి. మీకు తెలియకుండానే," అంది డాక్టరమ్మ. వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చిన్నది ఆ చేతిని తోసేయలేదు, అసలు గమనించలేదు.

వరండాలో బల్ల మీద చిన్నదీ అక్క కూతురూ చాలాసేపు కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చిస్తే అది చల్లారిపోయింది.

"అయితే ఈ కబుర్లన్నీ నాకు నేనే చెప్పుకున్నానా?" అంది చిన్నది ఎప్పటికో. "కుక్క సంగతి, యజమాని సంగతి... గోడకి చెప్పినట్టేనా?"

కూతురు చల్లారిన టీ గ్లాసులు పక్కకి జరిపింది.

"నిన్ను కూడా ఏడిపించాను. దానికి నీ మీద లేని పట్టింపు నా మీద ఉన్నట్టు... పిచ్చిముండని." చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసింది. "అది కాదే. నా భయం ఇంకోటి. మరి లాండ్రీలో? అన్నేళ్ళూ? అప్పుడు కూడా నేనేనా గుంజుకుంది? అవతల అది ఉన్నా, కమ్మీ ఉన్నా నా చేతులకి ఒకటేనా?"

"అప్పుడు అమ్మ ఉంది కదా పిన్నీ."

"ఉంది. ఉందనే అనుకున్నాను. ఇప్పుడూ అనుకున్నాగా మరి!"

ఆ పిల్ల పిన్ని తల దగ్గరికి తీసుకుని తన భుజం మీద పెట్టుకుంది. కాసేపటికి చిన్నది, "వద్దులే ఆ కోత," అంది. "అది నువ్వొక్కదానివే పెట్టే సంతకం కాదు. ఇద్దరం పెట్టాం అనుకో."

అక్క పోయింది ఒక మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతూ ఉంది. కూతురు ఒక పక్క, చెల్లెలు ఒక పక్క కూర్చున్నారు. చిన్నది దుప్పటి ముట్టుకోలేదు. ఆ పరీక్ష తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. ఉత్త చెయ్యి పట్టుకుంది. అన్నేళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు గానీ, మధ్యలో బట్ట లేకుండా అక్క చెయ్యి ఇంతసేపు పట్టుకున్నది ఎన్నడూ లేదని అప్పుడు తట్టింది. గరుగ్గా ఉంది, తన చెయ్యిలాగే. చూపుడు వేలి మీద తనకున్న చోటే కాయ కాసి ఉంది. చిన్నది నొక్కింది. తిరిగి నొక్కుతుందని ఆశపడలేదు. నొక్కలేదు కూడా. ఊపిరి అందీ అందక వచ్చి, మెల్లమెల్లగా దూరమై, ఆగిపోయింది. చిన్నది ఆ చెయ్యి వదలడానికి ఒప్పుకోలేదు. నర్సు వచ్చి బతిమాలాల్సి వచ్చింది.

లాండ్రీలో యజమాని ఆమెని మళ్ళీ మడత పనిలోకి తీసుకుని, ఎదురుగా ఒక కొత్తమనిషిని నిలబెట్టాడు. రెండు రోజుల్లో ఆ మనిషి ఏడుస్తూ వచ్చి, ఆవిడతో నా వల్ల కాదంది. ఇంకొకామెని పెట్టాడు. ఆమే అంతే. "ఒకళ్ళకీ పట్టుకోవడం రాదు," అని చిన్నది అందరి మీదా విరుచుకుపడేది. దుప్పట్లు వంకరటింకరగా మడతపడి లాడ్జీల నుంచి తిరిగొచ్చాయి. యజమాని పాత మనిషి కదా అని ఏమీ అనలేక, తువ్వాళ్ళు మడవమన్నాడు. తువ్వాలు ఒక్కరే మడవొచ్చు.

కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు వచ్చిన రోజున అక్క కూతురు లాండ్రీకి వచ్చింది. పిన్ని సరిగ్గా తినడం లేదని యజమాని కబురు పెట్టాడు. వెనక హాల్లో మూలగా తువ్వాళ్ళ గుట్ట ముందు చిన్నది కూర్చుని ఉంది. ఆ పిల్ల ఏమీ అనకుండా వెళ్ళి, బల్ల మీద నుంచి ఒక పెద్ద దుప్పటి తీసి, రెండు మూలలు పట్టుకుని నిలబడింది.

"రా పిన్నీ. అటు పట్టుకో."

"నీకు రాదే."

"రాదు. నేర్పు."

చిన్నది లేచింది. మూలలు అందుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగారు, దుప్పటి బిగిసింది. పైకెత్తి దులిపారు. లేచి, గాలి నింపుకుని, మెల్లగా దిగింది. దిగేకొద్దీ అవతల ముఖం కనబడింది, నుదురు, కళ్ళు, అక్క ముక్కే, చిన్న వయసుది.

చిన్నది ఆగింది. ఆ పిల్ల కూడా ఆగింది. మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి. గుంజుడు రాలేదు.

"ఇప్పుడేం చేయాలి పిన్నీ?"

"గుంజాలి."

"ఎవరు?"

చిన్నది నోరు తెరిచింది. "మీ అమ్మే," అనబోయింది. ఇనుప కమ్మీ గుర్తొచ్చి ఆగిపోయింది. అది తన చేతుల్లోనే ఉందన్నారు కదా. చేతులు ఇవిగో, ఇక్కడే ఉన్నాయి. ఇదే హాలు, ఇదే దుప్పటి. గుంజమని చేతులకి చెప్పింది. మనసులో గట్టిగా చెప్పింది. అవి కదల్లేదు. మూలలు పట్టుకుని, అవతల్నుంచి వస్తుందని చూస్తూ ఉండిపోయాయి.

అక్క ఊపిరి ఆడినన్నాళ్ళూ మంచం కమ్మీ నుంచి కూడా వచ్చింది. ఇప్పుడు నిక్షేపంలాంటి మనిషి ఎదురుగా పట్టుకుని నిలబడినా రావడం లేదు.

"ఎప్పుడు గుంజాలో చెప్పు, నేనే గుంజుతాను," అంది ఆ పిల్ల.

"నాకు తెలీదే," అంది చిన్నది. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "మీ అమ్మకీ తెలీదు. ఇద్దరికీ తెలీదు. వచ్చేది, అంతే. ఇప్పుడు రావట్లేదే."

"పిన్నీ..."

"ఉందే అది. అన్నేళ్ళూ అవతల ఉంది. నేనొక్కదాన్నే అయితే ఇప్పుడూ రావాలిగా!" అంది చిన్నది. అని, పట్టుకున్న మూలలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆసుపత్రిలో కూడా ఏడవనంతగా ఏడ్చింది.

ముందు హాల్లోంచి యజమాని, లాడ్జీ బండి వచ్చి నిలబడిందని కేకేశాడు. ఆ పిల్ల తన మూలలు వదల్లేదు. దుప్పటి నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుని, పిన్ని ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడింది.